రెండో కాలు

3 జూన్, మంగళవారం

అమ్మడికి మళ్ళీ అవకాశం వచ్చింది! ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే ఛాతీ పగిలేట్టుంది. అందుకే ఈ డైరీ బయటికి లాగాను. కళ్ళద్దాల షాపువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చారు. ఆర్నెల్లుగా మా ఆవిడ దీన్ని కుంటి స్టూలు కింద ఎత్తుకి పెట్టింది. ఇప్పుడు స్టూలు ఊగుతోందని గొణుగుతోంది. ఊగనీ.

జూలై ఆరున బ్లాక్ బెల్ట్ టెస్ట్. మాస్టరుగారు అందరి ముందూ చెప్పారు.

అమ్మడంటే మా అమ్మాయి. ముప్పై తొమ్మిదేళ్ళు. ఇంకా అమ్మడేమిటండీ అని మా ఆవిడ నవ్వుతుంది. పగలంతా కళ్ళద్దాల షాపు వెనక గదిలో నిలబడి అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రం ఆరింటికి కరాటే. పదకొండేళ్ళుగా ఇదే పని. నడుముకున్న బ్రౌన్ బెల్టు అంచుల్లో దారాలు లేచిపోయాయి. తను షాపు నుంచి తిన్నగా హాలుకి వస్తుంది. నేను ఉతికి ఇస్త్రీ చేసిన డ్రెస్సు సంచిలో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్తాను. క్లాసు అయ్యేదాకా గోడవార బెంచీ మీద కూర్చుంటాను. అది నా డ్యూటీ. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడికి డ్యూటీ లేకపోతే తిన్నది ఒంటపట్టదు.

రెండేళ్ళ కిందట ఒకసారి టెస్టుకి వెళ్ళింది. కిక్కులు బాగున్నాయన్నారు. క్లాసు నడపమంటే మాత్రం తన కేక వెనక వరసకి అందలేదట. కాగితం మీద రెండే మాటలు రాసిచ్చారు. గొంతు లేదు. ఆ కాగితం ఇప్పటికీ తన కిట్ బ్యాగు లోపలి అరలో ఉంది. నేను చూశానని తనకి తెలీదు.

మాస్టరుగారు ఎవర్నీ రెండుసార్లకి మించి పంపరు. అంటే ఇదే ఆఖరు.

మాది మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు. లిఫ్టు లేదు. ఈ రోజు సంతోషంలో ఎక్కడా ఆగకుండా ఎక్కేశాను. ఇప్పుడు మోకాళ్ళు అడుగుతున్నాయి, సంతోషం నీదా మాదా అని.

5 జూన్, గురువారం

ఆ టెస్టు సంగతి నాకు అర్థమైనంతవరకు రాసుకుంటున్నాను. సొంత కిక్కులూ పంచ్‌లూ సగమే. మిగతా సగం నూరు. నూరంటే, కనీసం పదిమంది జూనియర్లని వరసలో నిలబెట్టి వంద కిక్కులు కొట్టించాలి. అంకె పిలిచేది సీనియరొక్కరే. తనూ వాళ్ళతో పాటు వందా కొట్టాలి. మధ్యలో ఎవరైనా ఒక్క కిక్కు తప్పితే మొదటికి. మళ్ళీ ఒకటి నుంచి. మాస్టరుగారు పెట్టిన రూలు కాదు, ఆయన గురువుగారిది.

మాస్టరుగారికి తుంటి ఆపరేషన్ అయింది. కుర్చీలోంచి లేవకూడదు. అందుకని క్లాసు ఇద్దరు సీనియర్లు వంతుల వారీగా నడుపుతున్నారు. మంగళవారం, శనివారం అమ్మడు. గురువారం పొడుగాయన. ఆయన లిఫ్టు మెకానిక్. బ్లాక్ బెల్టు కిందటేడే వచ్చేసింది. ఆయన కిక్కు కొడితే గోడ గడియారం ఒక సెకను ఆగి చూస్తుంది. అమ్మణ్ణి అక్కా అంటాడు, నన్ను బాబాయ్ అంటాడు. మా మెట్ల సంగతి చెబితే, లిఫ్టు పెట్టించేస్తాను బాబాయ్, ముందు మీరు బిల్డింగు కొనండి అన్నాడు. మంచి మనిషే.

కానీ ఆయన నడిపిన క్లాసు చూస్తుంటే నాకే ఆయాసం వచ్చింది. వరసలో ఎడమ చివర మందుల షాపు ఆవిడ ఉంటుంది. యాభై రెండేళ్ళు, వైట్ బెల్టు. డాక్టరు ఒళ్ళు కదపమన్నాడని చేరిందట. ఈ రోజు నలభై రెండు దగ్గర కాలు దించి మోకాలు పట్టుకుంది. మొదటికి! అన్నాడు పొడుగాయన. మళ్ళీ ముప్పై దగ్గర. మొదటికి! మూడోసారి అందరి మొహాలూ ఆవిడ వైపు తిరిగాయి.

8 జూన్, ఆదివారం, ఉదయం 5.30

డాబా మీద గొంతు ట్రెయినింగ్ మొదలుపెట్టాం. నేనే మాస్టర్ని!

పిలుపు గొంతులోంచి కాదమ్మా, బొడ్డు కిందనుంచి రావాలి అన్నాను. బస్సులో వంద మంది మాట్లాడుకుంటున్నా డ్రైవరు చెవిలో పడే పిలుపు ఒకటే. రైట్! అని చూపించాను. పక్క డాబా మీది పావురాలన్నీ లేచిపోయాయి. కింది వాటా టీచరుగారు కిటికీ తెరిచి, తాతగారూ, రిటైరయ్యారా లేదా అని అరిచింది. అమ్మడు నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయింది. ఎన్నాళ్ళయిందో దాని పళ్ళు అన్నీ చూసి.

తన వంతు వచ్చేసరికి ఏదో పిల్లి తుమ్మినట్టు వచ్చింది. నేను బాగుందన్నాను. నాన్నా, అబద్ధం అంది.

10 జూన్, మంగళవారం

అమ్మడి క్లాసు. అరవై దాకా లాగింది. గొంతు బొంగురుపోయింది. మందుల షాపు ఆవిడ రెండుసార్లు ఆగింది, మొదటికి వెళ్ళాల్సి వచ్చింది. నూరు పూర్తి కాకుండానే టైమైపోయింది. పొడుగాయన తుడుపుకర్ర పట్టుకుని, అక్కా, జాలి పడితే నూరవదు, మోకాలి నొప్పులకి మందు వాళ్ళ షాపులోనే ఉంది అన్నాడు.

హాలు తుడిచేది సీనియర్లే. అక్కడి పద్ధతది. కొత్తవాళ్ళు చీపురు ముట్టకూడదు. రోజంతా నిలబడి పని చేసి, గంటన్నర కాళ్ళు విసిరి, ఆ తరవాత నా తల్లి వంగి నేల తుడుస్తుంటే బెంచీ మీదనుంచి చూస్తున్నాను. నేను తుడుస్తానంటే మాస్టరుగారు చేత్తోనే కూర్చోమన్నారు.

బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేపలేదు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం.

14 జూన్, శనివారం

అలిసిపోయాను. ఏమీ రాయను.

15 జూన్, ఆదివారం

నిన్న రాయనిది ఈ రోజు రాస్తాను.

నిన్న మందుల షాపు ఆవిడ క్లాసుకి రాలేదు. నూరు ఒక్క ఊపులో అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మడు కొట్టలేదు. ఇంటికొచ్చాక టీ తాగుతూ అడిగింది, నాన్నా, బస్సు లేటైపోతుంటే, స్టాపులో ముసలివాళ్ళు ఎక్కుతుంటే నువ్వేం చేసేవాడివి అని.

దానికి పెద్ద ఆలోచనేముంది? మాకు ట్రెయినింగులో మొదటిరోజే చెప్పారు. మొదటి కాలు మెట్టు మీద పెట్టగానే మనిషి ఎక్కాడనుకుంటారు డ్రైవర్లు. ఎక్కలేదు. రెండో కాలు మెట్టు మీదికి వచ్చాకే ఎక్కినట్టు. అప్పటిదాకా విజిల్ వెయ్యకూడదు. వెనక హారన్లు కొడతారు, లోపల జనం తిడతారు, డ్రైవరు అద్దంలోంచి గుడ్లురుముతాడు. రెండో కాలు చూసే రైట్ అనాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో నా బస్సులో ఒక్క మనిషి జారి పడలేదు. ఇది నేను గొప్పకి చెప్పుకోను, అందరికీ చెప్తాను, అంతే.

అమ్మడు కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. తరవాత ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. మందుల షాపు ఆవిడతోనట. మీరు మంగళవారం రండి, నూరు నేను చూసుకుంటాను అని చెప్పిందట.

17 జూన్, మంగళవారం

ఏమని రాయను!

యాభై మూడు దగ్గర మందుల షాపు ఆవిడ కుడికాలితో కొట్టి దించింది, తూలింది, గోడ పట్టుకుంది. యాభై నాలుగు ఇక రాదు. అందరూ మొదటికి అనే మాట కోసం ఊపిరి వదిలేశారు. అమ్మడు అనలేదు. యాభై నాలుగూ అనలేదు. రెండు చేతులూ ముందుకి పెట్టి, కిక్కుకి ముందు నిలబడే స్టాన్స్‌లో మోకాళ్ళు వంచి అలాగే నిలబడింది. అంకె పిలవలేదు కాబట్టి ఎవరూ తప్పినట్టు కాదు! వంగిన కాళ్ళ మీద నిలబడి ఉండడం కిక్కు కంటే కష్టమట. వరసంతా తొడలు వణుకుతున్నాయి. అమ్మడివీ వణుకుతున్నాయి. ఆవిడ గోడ వదిలి, ముందు ఒక కాలు, తరవాత రెండో కాలు సర్దుకుని నిలబడింది.

యాభై నాలుగు! అంది అమ్మడు.

నూరు అయింది.

పొడుగాయన మండిపడ్డాడు. అక్కా, ఇది క్లాసా, బస్టాపా అన్నాడు. నాకు కోపం రావాలి కానీ నవ్వొచ్చింది. పాపం, తెలీక అన్నా సరిగ్గానే అన్నాడు. మాస్టరుగారి వైపు చూశారందరూ. ఆయన కాసేపు తుంటి నిమురుకుని, అంకె ఎప్పుడు పిలవాలో రూలులో లేదు అన్నారు.

ఒకటే తప్పు జరిగింది. ఆవిడ రెండో కాలు నేల మీద ఆనగానే నా నోట్లోంచి చిన్నగా రైట్ అని వచ్చేసింది. అమ్మడు క్లాసయ్యాక గట్టిగా చెప్పింది. నాన్నా, టెస్టులో బయటివాళ్ళ మాట వినపడిందంటే నా పని అయిపోయినట్టే. నీకు దండం పెడతాను, నోరు తెరవకు.

21 జూన్, శనివారం

మా ఆవిడ ఉపాయం చెప్పింది. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకోండి, బిళ్ళ ఉన్నంతసేపూ ప్రపంచం ప్రశాంతంగా ఉంటుంది అంది. ఈ రోజు వాడాను. పని చేసింది.

26 జూన్, గురువారం

అమ్మడి చీలమండ వాచింది. షాపులో స్టూలు అడగవే అంటే, అద్దాలు నిలబడే అరగదియ్యాలి నాన్నా అంటుంది. పొడుగాయన క్లాసులో తను జూనియర్ల మధ్య నిలబడి వందా కొట్టింది. తన వంతు కాని రోజున కొట్టక్కర్లేదు. అయినా కొట్టింది. సీనియరు ఆగితే వెనకవాళ్ళకి ఆగొచ్చని తెలిసిపోతుందట.

మెట్ల మీద తను ముందు వెళ్ళి తలుపు తీసి నిలబడుతుంది. వస్తున్నా వస్తున్నా అని కింద నుంచి హుషారుగా కేకేస్తాను. నిజానికి రెండో అంతస్తులో రెయిలింగు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడి ఉంటాను.

3 జూలై, గురువారం

మూడు రోజులు. అమ్మడికి నిద్ర లేదు. నాకూ లేదు. మా ఆవిడ మాత్రం పడుకుంటోంది. ఇంట్లో ఒక్కరన్నా మనిషిలా ఉండాలి కదండీ అంటోంది.

6 జూలై, ఆదివారం, ఉదయం 6.00

డ్రెస్సు మూడుసార్లు ఇస్త్రీ చేశాను. జేబులో నాలుగు పిప్పరమెంట్లు. బయల్దేరుతున్నాం.

6 జూలై, ఆదివారం, మధ్యాహ్నం 3.00

రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి ట్రిప్పూ ఉన్నదున్నట్టు రాసినవాణ్ణి.

బయటినుంచి ముగ్గురు పరీక్షకులు వచ్చారు. పెద్దాయనకి తెల్లగడ్డం. అమ్మడి సొంత కిక్కులూ పంచ్‌లూ అయ్యాయి. బాగా చేసింది, నా కళ్ళకి ఇంకా బాగా చేసింది. తరవాత నూరు. పదకొండుమంది వరసలో నిలబడ్డారు. నేను బెంచీ మీద, నోట్లో బిళ్ళ.

అరవై ఒకటి దాకా గంట కొట్టినట్టు వెళ్ళింది. అరవై ఒకటి కొట్టి దించుతూ మందుల షాపు ఆవిడ మోకాలు మీద కూలింది. అమ్మడు ఆగింది. వంగి, చేతులు ముందుకి పెట్టి, అలాగే. వాచిన చీలమండ మీద. పరీక్షకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఆవిడ చేతుల మీద లేచింది. ఒక కాలు పెట్టింది. నా బిళ్ళ కరిగిపోయిందని నాకు తెలీదు. రెండో కాలు నేల మీదికి వచ్చింది, చక్కగా, పూర్తిగా, మడమతో సహా ఆనింది.

రై...ట్!

నా గొంతే. బొడ్డు కిందనుంచి.

పదకొండుమందీ ఒక్కసారే కిక్కు కొట్టారు.

ఆ తరవాత నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. తెల్లగడ్డం ఆయన లేచి ప్రశాంతంగానే చెప్పాడు. వరసని కదిలించింది సీనియరు కాదు, బెంచీ మీది పెద్దమనిషి. ఈ నూరు చెల్లదు. మానుకుంటే మానుకోవచ్చు, లేదంటే పది నిమిషాలు ఆగి ఒకటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇష్టంలేని జూనియర్లు వెళ్ళిపోవచ్చు. పదిమందికి తగ్గితే మాత్రం అది క్లాసు కాదు. ఇక ఆ పెద్దమనిషి బయటికి వెళ్ళాలి.

బయటికి వచ్చాను. అమ్మడి వైపు చూసే ధైర్యం లేకపోయింది. చెప్పుల స్టాండు పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నా తల్లి పదకొండేళ్ళు ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది. ఆఖరి మెట్టు మీద నేను విజిల్ వేశాను.

ఇద్దరు కుర్రవాళ్ళు కుంటుకుంటూ బయటికి వచ్చి, సారీ తాతగారూ, తొడలు పట్టేశాయి అని చెప్పులు వేసుకున్నారు. పదకొండులో ఇద్దరు పోతే తొమ్మిది. అయిపోయిందనుకున్నాను. ఎంతసేపటికీ ఎవరూ బయటికి రాలేదు. లోపలనుంచి అమ్మడి గొంతు వినపడింది.

ఒకటి!

లోపల ఏం జరిగిందో మాస్టరుగారు తరవాత చెప్పారు. మందుల షాపు ఆవిడ ఏడుస్తూ, మేడమ్, నేను వెళ్ళిపోతాను, నావల్లే కదా ఇదంతా అందట. మీరూ వెళ్తే ఎనిమిదవుతాం అక్కా, నిలబడండి అంతే అందట అమ్మడు. ఆ తొమ్మిదో మనిషి పక్కకి పొడుగాయన వచ్చి నిలబడ్డాడట. వరసలో ముందు కాదు, ఎడమ చివర, ఆవిడకి కూడా అవతల, నిన్నగాక మొన్న చేరినవాడిలా. అక్కా, ఈ బస్టాపులో ఇంకొకడికి చోటుందా అన్నాడట. చివర నిలబడ్డవాడు జూనియరే అని తెల్లగడ్డం ఆయన ఒప్పుకున్నాడట.

ఇవేవీ నాకు అప్పుడు తెలీదు. నేను అంకెలు మాత్రమే విన్నాను. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని విన్నాను. ఇరవై. ముప్పై. నలభై నాలుగు దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది. నాకు ఏమీ కనపడదు. రెండో కాలు వచ్చిందో లేదో తెలీదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఎప్పుడూ డోరు దగ్గరే ఉన్నాను. లోపల సీటులో కూర్చుని, బస్సెందుకు కదలదో తెలీక కూర్చునేవాళ్ళ గతి ఏమిటో ఈ రోజు తెలిసింది.

నలభై అయిదు.

డెబ్భై దాటాక తన గొంతు పోయింది. బొంగురు. ఎనభై ఒకటి దగ్గర మళ్ళీ ఆగింది, ఇంకా ఎక్కువసేపు. తొంభైల్లో ఇక కేక కాదది, మామూలుగా ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టు ఉంది. కానీ గోడ అవతల నాకు ప్రతి అంకే వినపడింది. లోపల అంతమంది ఉండి కూడా దాని గొంతు తప్ప ఇంకో శబ్దం లేదు.

నూరు అనడం మాత్రం వినపడలేదు. నేల మీద కూలబడ్డ చప్పుళ్ళు వినపడ్డాయి. ధబ్, ధబ్, ధబ్ అని పదిమందివీ.

తలుపు తీసింది పొడుగాయన. నిలువెల్లా తడిసి ఉన్నాడు. బాబాయ్, ఇక లోపలికి రైట్ అన్నాడు.

6 జూలై, సాయంత్రం 5.00

పాసైంది.

ఇది పైన రాయడం మర్చిపోయాను! నా అమ్మడు పాసైంది!

7 జూలై, సోమవారం

నిన్న రెండు బస్సుల్లోనూ అమ్మడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి కొత్త నల్ల బెల్టు నా ఒళ్ళో పెట్టి, కిట్ బ్యాగులోంచి కొత్త కాగితం తీసి ఇచ్చి, లోపలికెళ్ళి పడుకుంది. తెల్లగడ్డం ఆయన దస్తూరీ. అందులోనూ రెండే మాటలు.

ఆగడం వచ్చు.

మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ నా వైపు చూసి, మీకెప్పుడొస్తుందో అంది.

అమ్మడు ఈ రోజు షాపుకి సెలవు పెట్టింది. మధ్యాహ్నం లేచాక, క్షమించమ్మా అన్నాను. గొంతు రాక సైగ చేసింది, టీ పెట్టమని. పెట్టాను. సగం తాగాక గుసగుసగా ఏదో అంది. వంగి విన్నాను. నాన్నా, టైమింగ్ మాత్రం కరెక్టే అంది.

నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇంత సంతోషం మోసే వయసు కాదు నాది.

8 జూలై, మంగళవారం

క్లాసు నుంచి వస్తుంటే అమ్మడు తలుపు తియ్యడానికి పైకి పరిగెత్తలేదు. నా పక్కనే, మెల్లిగా అంకెలు పిలుస్తూ ఎక్కింది. నలభై ఒకటో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని ఆగిపోయాను. ఒక కాలు పైన, ఒక కాలు కింద.

తను నలభై రెండు అనలేదు.